రాతిపని ఇంట పుట్టిన శాస్త్రవేత్త - క్రిస్టియన్ డాప్లర్



మన వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవిత చరిత్ర రాయడం ఆనవాయితీ. డాక్టర్ అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఫూలే దంపతుల గురించి, గుర్రం జాషువా గారి గురించి మా కంటే ముందు చదివిన అన్నలు చక్కగా రాశారు. ఈసారి ఆ బాధ్యత మాకు అప్పగించారు. మేము చదువుతున్నది ఎమ్మెస్సీ ఫిజిక్సు కాబట్టి, పేరు చాలామందికి తెలిసి, జీవితం కొద్దిమందికే తెలిసిన ఒక శాస్త్రవేత్తను ఎంచుకున్నాం. ఆయనే క్రిస్టియన్ డాప్లర్.

ఇంటర్మీడియట్‌లో ఫిజిక్సు చదివిన వారికి డాప్లర్ ప్రభావం అనే మాట పరిచయమే. ఆస్పత్రికి వెళ్ళి వచ్చిన వారికి కూడా ఈ పేరు పరిచయమే. మెడ నరాలకు డాప్లర్, కాళ్ళకు డాప్లర్, కడుపులో బిడ్డకు డాప్లర్ అని డాక్టర్లు చీటీ మీద రాస్తూ ఉంటారు. చాలామంది అది మిషన్ తయారు చేసిన కంపెనీ పేరు అనుకుంటారు. కాదు. అది ఒక మనిషి పేరు. ఆ మనిషి రాళ్ళు చెక్కే వారింట పుట్టాడు, ఉద్యోగం దొరక్క గుమాస్తాగా పనిచేశాడు, 50 ఏళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. ఆయన ఏనాడూ రోగి నాడి పట్టి చూడలేదు. అయినా పక్షవాతం రాకముందే దాని జాడ పట్టే పరీక్షకు ఆయన పేరే నిలిచింది. ఇది ఎలా జరిగిందో తెలుసుకుందాం.

బాల్యం - చదువు

డాప్లర్ 1803 నవంబరు 29వ తేదీన ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పట్టణంలో జన్మించారు. సంగీతంలో జగత్ప్రసిద్ధుడైన మోజార్ట్ కుటుంబం ఒకప్పుడు నివసించిన ఇంటి పక్కనే వీరి ఇల్లు. తండ్రి, తాతలది రాతిపని. తరతరాలుగా అదే వృత్తి. ఒక్క విషయం ముందే చెప్పాలి. డాప్లర్ గారిది మనలాంటి పేద ఇల్లు కాదు. వారి రాతిపని బాగా సాగింది, సొంత ఇల్లు ఉండేది. ఆయనను కూడుకూ గుడ్డకూ లేని బీదవాడిగా చూపించి కన్నీళ్ళు పెట్టించడం మాకు ఇష్టం లేదు. ఆయన కష్టం వేరు.

ఆ కష్టం ఆయన ఒంట్లోనే ఉంది. చిన్ననాటి నుండీ బలహీనమైన శరీరం. సుత్తి, ఉలి పట్టి రోజంతా రాయి చెక్కడానికి పనికిరాని ఒళ్ళు. వృత్తి చేయలేని కొడుకును ఏం చేయాలో తండ్రికి పాలుపోలేదు. అప్పుడు ఆయన అబ్బాయిని సాల్జ్‌బర్గ్‌లో గణితం బోధించే సైమన్ స్టాంఫర్ అనే ఆచార్యుని దగ్గరికి తీసుకువెళ్ళి సలహా అడిగారు. స్టాంఫర్ గారు అబ్బాయిని పరీక్షించి, ఇతనికి లెక్కల్లో మంచి తెలివి ఉందని, వియన్నా పాలిటెక్నిక్‌కు పంపమని చెప్పారు.

తమ్ముళ్ళూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మనలో ఎంతమందిని ఇలాంటి ఒక మాస్టారే ఇక్కడికి పంపలేదు? ఊళ్ళో పశువుల వెంట, కూలి పనుల వెంట తిరగాల్సిన వాళ్ళం. ఎవరో ఒక పంతులు గారు మన ఇంటికి వచ్చి, పిల్లవాడికి చదువు వస్తోంది, హాస్టల్లో చేర్పించండి అని చెప్పి ఉంటారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిమి మేమే. ఆ పట్టా వెనుక కూడా అలాంటి మాస్టారు ఒకరున్నారు. అందుకే స్టాంఫర్ గారి పేరు మాకు డాప్లర్ పేరంత పెద్దదిగా కనిపిస్తుంది.

1822 నుండి 1825 వరకు డాప్లర్ వియన్నాలో చదివారు. అక్కడి చదువు ఒక వైపే సాగుతోందని భావించి, మళ్ళీ సాల్జ్‌బర్గ్ వచ్చి మిగతా చదువు పూర్తి చేశారు. ఆ రోజుల్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పారు. తర్వాత తిరిగి వియన్నా వెళ్ళి ఉన్నత గణితం, యాంత్రిక శాస్త్రం, ఖగోళ శాస్త్రం అభ్యసించారు. 1829లో పాలిటెక్నిక్‌లో గణిత ఆచార్యునికి సహాయకుడిగా చేరారు. అది నాలుగేళ్ళ తాత్కాలిక ఉద్యోగం.

నిరుద్యోగం నాటి రోజులు

1833లో ఆ ఉద్యోగం ముగిసింది. అప్పటికి ఆయనకు 30 ఏళ్ళు నిండబోతున్నాయి. ఆ రోజుల్లో ఆస్ట్రియాలో అధ్యాపక పోస్టులకు పోటీ పరీక్షలు ఉండేవి. ఒక్కో ఊళ్ళో ఒక్కో ఖాళీ, ఒక్కో ఖాళీకి ఎందరో అభ్యర్థులు. డాప్లర్ అనేక నగరాల్లో ప్రయత్నించారు. ఎక్కడా పని కాలేదు. చివరికి పొట్ట గడవడానికి ఒక నూలు మిల్లులో పద్దులు రాసే గుమాస్తాగా చేరి సుమారు ఏడాదిన్నర పనిచేశారు.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి, కోచింగ్‌కు అప్పు చేసి, మార్కు తేడాలో పోస్టు పోగొట్టుకున్న అన్నలకు ఈ రోజుల గురించి ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. డాప్లర్ కూడా విసిగిపోయారు. ఈ దేశంలో మనకు చోటు లేదనుకుని అమెరికా వెళ్ళిపోవడానికి సిద్ధపడ్డారు. ఉన్న సామాను అమ్మేశారు. మ్యూనిక్ నగరానికి వెళ్ళి అమెరికా రాయబార అధికారిని కూడా కలుసుకున్నారు. సరిగ్గా ఆ సమయంలో, 1835లో, ప్రాగ్ నగరంలోని సాంకేతిక మాధ్యమిక పాఠశాలలో గణిత అధ్యాపకుడిగా ఉద్యోగం వచ్చింది. ప్రయాణం ఆగిపోయింది.

1836లో ఆయన మెథిల్డా స్టర్మ్‌ను వివాహం చేసుకున్నారు. వారికి ఐదుగురు సంతానం. ప్రాగ్‌లో చెప్పాల్సినవి చిన్న తరగతుల లెక్కలు కావడం వల్ల ఆయనకు తృప్తి ఉండేది కాదు. పట్టు విడవకుండా ప్రయత్నించి అక్కడి పాలిటెక్నిక్‌లో ప్రవేశించి, 1841లో పూర్తి స్థాయి ఆచార్యులయ్యారు.

1842 మే 25

ఆ రోజు ప్రాగ్‌లో రాయల్ బొహీమియన్ సైన్స్ సొసైటీ సమావేశం జరిగింది. వచ్చిన వారు బహు కొద్దిమంది. జంట నక్షత్రాల రంగుల కాంతి గురించి డాప్లర్ తన వ్యాసాన్ని చదివారు. అందులోని అసలు విషయం చాలా తేలికైనది.

చెరువు గట్టు మీద నిలబడితే అలలు ఒక లెక్కలో వచ్చి మన కాళ్ళను తాకుతాయి. అలలకు ఎదురుగా ఈదుకుంటూ పోతే అదే సమయంలో ఎక్కువ అలలు మనకు తగులుతాయి. అలలు పోయే దిక్కుకే ఈదితే తక్కువ తగులుతాయి. చెరువు మారలేదు, అల మారలేదు. మన కదలిక వల్ల లెక్క మారింది. అలలు పుట్టించే వస్తువు కదిలినా ఇలాగే జరుగుతుంది. శబ్దమూ అలే, కాంతీ అలే కాబట్టి ఈ నియమం రెండింటికీ వర్తిస్తుందని డాప్లర్ చెప్పారు.

రైల్వే గేటు దగ్గర నిలబడిన వారందరికీ ఇది అనుభవమే. రైలు మన వైపు వస్తున్నంతసేపు హారన్ సన్నగా, కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటిపోగానే ఒక్కసారిగా బొంగురుపోతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు హారన్ సెకనుకు 400 కంపనాలు చేస్తుందనుకుందాం. వస్తున్నప్పుడు మన చెవికి సుమారు 425, పోతున్నప్పుడు సుమారు 378 చేరతాయి. ఆ తేడాను కొలిస్తే, రైలును చూడకుండానే దాని వేగం చెప్పవచ్చు. డాప్లర్ సూత్రంలోని గొప్పతనం ఇదే. కదిలే వస్తువును ముట్టుకోనక్కరలేదు, దాని నుంచి వచ్చే అలలను లెక్కపెడితే చాలు.

సగం తప్పు, సగం ఒప్పు

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. డాప్లర్ ఈ సూత్రాన్ని దేనికోసం కనిపెట్టారో, ఆ పనికి అది సరిపోలేదు. ఆకాశంలో కొన్ని నక్షత్రాలు ఎర్రగా, కొన్ని నీలంగా కనిపించడానికి కారణం వాటి కదలికే అని ఆయన అనుకున్నారు. అది పొరపాటు. నక్షత్రం రంగు ముఖ్యంగా దాని ఉపరితలపు వేడిని బట్టి ఉంటుంది. నక్షత్రాల కదలిక వల్ల కాంతిలో వచ్చే మార్పు మామూలు కంటికి రంగు మారినట్లు కనిపించేంత పెద్దది కాదు.

నియమం మాత్రం నిలబడింది. హాలండ్ దేశంలో బాయ్స్ బాలట్ అనే 27 ఏళ్ళ యువకుడు 1845లో దీనిని పరీక్షించాడు. ఫిబ్రవరిలో మొదలుపెడితే మంచు తుఫాను అడ్డు వచ్చింది. మళ్ళీ జూన్‌లో, ఉట్రెక్ట్ నగరం దగ్గర రైలు మార్గం మీద, ఇంజనుకు తగిలించిన బండిపై బూర ఊదే వాళ్ళను ఎక్కించాడు. పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్న సంగీత విద్వాంసులను నిలబెట్టాడు. బండి వచ్చేటప్పుడు స్వరం పెరిగిందని, పోయేటప్పుడు తగ్గిందని వారు గుర్తించారు. శబ్దం విషయంలో డాప్లర్ మాట నిజమైంది. నక్షత్రాల రంగు విషయంలో మాత్రం బాయ్స్ బాలట్ కూడా డాప్లర్‌తో ఏకీభవించలేదు.

1848లో ఫ్రాన్స్‌కు చెందిన ఫిజో స్వతంత్రంగా ఇదే సూత్రానికి వచ్చి, నక్షత్రం రంగును కాక దాని కాంతి వర్ణపటంలోని గీతల జరుగుబాటును చూడాలని సూచించారు. 1868లో ఇంగ్లండ్‌లో విలియం హగ్గిన్స్ ఆ మార్గంలోనే నక్షత్రం కదలికను కొలవడానికి పూనుకున్నారు. అలా డాప్లర్ తప్పుగా వాడిన చోటనే, నక్షత్రాల లోకంలోనే, ఆయన సూత్రం సరైన దారి పట్టింది. అది చూడటానికి ఆయన లేరు.

చివరి దినాలు

ప్రాగ్‌లో ఆయన పని భారం విపరీతం. వందల మంది విద్యార్థులకు రాత పరీక్షలు, నోటి పరీక్షలు ఒక్కరే నిర్వహించాల్సి వచ్చేది. పరీక్షల్లో మరీ కఠినంగా ఉంటున్నారని విద్యార్థులు ఫిర్యాదు కూడా చేశారు. ఆరోగ్యం దెబ్బతిన్నది. 1847లో హంగరీ రాజ్యంలోని షెమ్నిట్జ్ గనుల విద్యాలయానికి మారారు. నేడు ఆ ఊరు స్లొవేకియా దేశంలో ఉంది. మరుసటి ఏడే అక్కడ విప్లవం చెలరేగింది. 1849లో వియన్నా చేరుకున్నారు. 1850లో వియన్నా విశ్వవిద్యాలయంలో కొత్తగా ఏర్పాటు చేసిన భౌతిక శాస్త్ర సంస్థకు మొదటి డైరెక్టరుగా చక్రవర్తి ఆయనను నియమించారు. రాళ్ళు చెక్కలేని బలహీనుడు ఆ పీఠం మీద కూర్చున్నారు.

అక్కడ ఆయన పాఠాలు విన్న విద్యార్థులలో ఒక క్రైస్తవ సన్యాసి ఉన్నారు. పేరు గ్రెగర్ మెండల్. బఠాణీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండల్ ఆయనే. డాప్లర్ లాగే మెండల్ గొప్పతనం కూడా ఆయన పోయిన తర్వాతే లోకానికి తెలిసింది.

1852లో డాప్లర్‌కు పెద్ద పరీక్ష ఎదురైంది. కెమెరా లెన్సు తయారీలో పేరు పొందిన గణిత ఆచార్యుడు పెట్జ్‌వల్ వియన్నా సైన్స్ అకాడమీలో డాప్లర్ సూత్రాన్ని ఖండించారు. ఇంత తేలిక లెక్కతో అంత పెద్ద ప్రకృతి నియమం పుట్టదని ఆయన వాదన. నిజానికి ఆయన గాలి వంటి మాధ్యమం కదలడానికీ, శబ్దం చేసే వస్తువు కదలడానికీ ఉన్న తేడాను సరిగా పట్టించుకోలేదు. డాప్లర్ జవాబిచ్చారు. కానీ అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. చలి తక్కువగా ఉండే చోట కోలుకోవచ్చని ఆ ఏడు నవంబరులో వెనిస్ నగరానికి వెళ్ళారు. కోలుకోలేదు. 1853 మార్చి 17వ తేదీన అక్కడే తుదిశ్వాస విడిచారు. వయసు 49 ఏళ్ళు.

నక్షత్రాల నుండి నరాలకు

ఆయన పోయిన నూరేళ్ళ తర్వాత ఈ సూత్రం మనిషి శరీరంలోకి అడుగుపెట్టింది. జపాన్ దేశంలో ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన షిగియో సతోమురా 1950ల నడుమ, మనిషి చెవికి వినపడని అతిధ్వని తరంగాలను గుండె మీదికి పంపి, తిరిగి వచ్చిన తరంగాలలోని తేడాతో గుండె కదలికలను పసిగట్టారు. తర్వాత రక్తనాళాల మీద కూడా పరిశోధన చేశారు. 1960లో చిన్న వయసులోనే ఆయన మరణించారు. 1961లో అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రాంక్లిన్, ష్లీగెల్, రష్మర్ అనే ముగ్గురు రక్త ప్రవాహాన్ని ఇదే పద్ధతిలో కొలిచి ప్రకటించారు. 1970ల నడిమికి అదే నగరంలో ఇంజనీర్లు, డాక్టర్ స్ట్రాండ్‌నెస్ అనే రక్తనాళాల సర్జన్ కలిసి, నాళం బొమ్మను, రక్తం వేగాన్ని ఒకే మిషన్‌లో చూపించే డూప్లెక్స్ పద్ధతిని అభివృద్ధి చేశారు. 1980లలో దానికి రంగులు తోడయ్యాయి.

ఇక్కడ మన మెడ గురించి కొంచెం తెలుసుకోవాలి. మెడకు ఇరువైపులా వేలు పెట్టి చూస్తే కొట్టుకునేవి కెరోటిడ్ ధమనులు. వాడుకలో మెడ నరాలు అంటాం గానీ ఇవి రక్తనాళాలు. దవడ కింద ఒక్కో ధమని రెండుగా చీలుతుంది. ఒక పాయ ముఖానికి, ఒక పాయ మెదడుకు పోతుంది. ఆ చీలిక దగ్గరే కొవ్వు పేరుకుని నాళం సన్నబడుతుంది. బీపీ, షుగరు, పొగతాగడం, కొలెస్టరాల్ దీనికి ముఖ్య కారణాలు. ఆ పేరుకున్న కొవ్వు నుండి చిన్న ముక్కో, దాని మీద గడ్డకట్టిన రక్తమో తెగి పైకి పోతే మెదడులో దారి మూసుకుంటుంది. అదే ఒక రకం పక్షవాతం. అన్ని పక్షవాతాలూ మెడ నుండే రావు. గుండె నుండి, మెదడులోని చిన్న నాళాల నుండి, నాళం చిట్లడం వల్ల కూడా వస్తాయి. కానీ మెడ నుండి వచ్చేదాన్ని ముందుగా పట్టుకునే అవకాశం ఉంది.

పరీక్ష ఎలా చేస్తారు?

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి మెడను కొంచెం పక్కకు తిప్పుతారు. చల్లని జెల్లు రాసి, ప్రోబ్ అనే చేతి పరికరాన్ని మెడకు ఆనిస్తారు. సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. ఆ ప్రోబ్ సెకనుకు లక్షల సార్లు కంపించే తరంగాలను లోపలికి పంపుతుంది. అవి శరీరంలో సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోయి, పరుగెత్తుతున్న ఎర్ర రక్తకణాలను తాకి వెనక్కు వస్తాయి. రైల్వే గేటు దగ్గర జరిగిందే ఇక్కడా జరుగుతుంది. కాకపోతే రెండుసార్లు జరుగుతుంది. రక్తకణం కదులుతూ శబ్దాన్ని అందుకుంటుంది కాబట్టి ఒకసారి, కదులుతూనే తిప్పి పంపుతుంది కాబట్టి మరోసారి.

ఒక చిన్న లెక్క వేద్దాం. పంపిన తరంగం సెకనుకు 50 లక్షల కంపనాలు, రక్తం వేగం సెకనుకు ఒక మీటరు, తరంగానికీ ప్రవాహానికీ మధ్య కోణం 60 డిగ్రీలు. అప్పుడు తిరిగి వచ్చే తేడా సెకనుకు సుమారు 3250 కంపనాలు. ఇది మన చెవికి వినిపించే శబ్దమే! అందుకే స్కానింగ్ గదిలో గుండె కొట్టుకునే లయతో షూ షూ మని చప్పుడు వినిపిస్తుంది. అది నేరుగా రక్తం చేసే చప్పుడు కాదు, డాప్లర్ చెప్పిన తేడాయే. కోణం 90 డిగ్రీలైతే ఆ తేడా కనబడదు. అందువల్ల పరీక్ష చేసేవారు కోణం 60 డిగ్రీలకు మించకుండా జాగ్రత్త పడతారు. పరికరం ఎంత మంచిదైనా పట్టే చేతికి చదువు, ఓపిక ఉండాలి.

తెర మీద ఎరుపు, నీలం రంగులు కనిపిస్తాయి. ఎరుపు మంచి రక్తం, నీలం చెడు రక్తం అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. మామూలుగా ప్రోబ్ వైపు వచ్చే ప్రవాహానికి ఎరుపు, దూరంగా పోయేదానికి నీలం వేస్తారు. అవి దిక్కును చెప్పే రంగులు మాత్రమే.

ఇక వేగంతో రోగం ఎలా తెలుస్తుంది? హాస్టల్ తోటకు నీళ్ళు పెట్టేటప్పుడు పైపు చివర బొటనవేలితో నొక్కితే నీళ్ళు దూకుతాయి కదా! ధమని సన్నబడిన చోట రక్తం కూడా అలాగే దూకుతుంది. అమెరికాలో 2003లో నిపుణులు ప్రకటించిన కొలతల ప్రకారం, మెదడుకు పోయే పాయలో రక్తం గరిష్ఠ వేగం సెకనుకు 125 సెంటీమీటర్ల లోపు ఉంటే 50 శాతం దాటిన సన్నబాటు లేనట్లు. 125 నుండి 230 వరకు ఉంటే 50 నుండి 69 శాతం. 230 దాటితే 70 శాతం, ఆపైన. నాళం పూర్తిగా మూతపడబోతున్నప్పుడు వేగం మళ్ళీ తగ్గిపోవచ్చు. కాబట్టి ఒక్క అంకె చూసి నిర్ణయించరు, బొమ్మనూ రంగునూ కలిపి చదువుతారు.

70 శాతం అనే గీత ఊరికే గీసింది కాదు. పక్షవాతం లక్షణాలు కనిపించి, నాళం 70 నుండి 99 శాతం సన్నబడిన వారిపై ఉత్తర అమెరికాలో జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 1991లో వచ్చాయి. మందులు మాత్రమే వాడిన వారిలో రెండేళ్ళలో ఆ వైపు పక్షవాతం వచ్చిన వారు 26 శాతం. మందులతో పాటు ఆపరేషన్ చేసి కొవ్వు తీసేసిన వారిలో 9 శాతం. ఎవరికి ఆపరేషన్ మేలు చేస్తుందో తేల్చడానికి నాళం ఎంత సన్నబడిందో తెలియాలి. తొలి అడుగుగా అది తెలిపేది డాప్లర్ పరీక్ష. ఈ ఆపరేషన్‌ను అమెరికాలోని హ్యూస్టన్‌లో డాక్టర్ డిబేకీ 1953లో విజయవంతంగా చేశారు. డాప్లర్ మరణించి అప్పటికి సరిగ్గా నూరేళ్ళు.

మన ఇళ్ళలో

మేము ఈ అంశాన్నే ఎందుకు ఎంచుకున్నామో కూడా చెప్పాలి. మా తాత చుట్ట కాల్చేవాడు. ఒకరోజు పొలం గట్టు మీద ఆయనకు మాట తడబడి, కుడిచేతిలోని కొడవలి జారిపోయింది. పావుగంటలో అంతా మామూలైంది. గాలి సోకిందన్నారు, దిష్టి తీశారు, గండం గడిచిందని సంతోషించారు. రెండు వారాలు తిరగకుండానే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన మంచంలోనే ఉన్నాడు. మా నాయనమ్మ కూలి మానుకుంది. మా నాయన ఒక్కడే ఇల్లు లాగాడు. ఆయన మెడలో ఏముందో మాకు తెలియదు. ఎవరూ చూడలేదు. చూడవచ్చని మా ఇంట్లో తెలిసిన వారు లేరు.

వచ్చి పోయే ఆ పావుగంటను డాక్టర్లు తాత్కాలిక పక్షవాతం అంటారు. తగ్గిపోయింది కదా అని ఊరుకోకూడదు. అది హెచ్చరిక. వెంటనే ఆస్పత్రికి పోతే మెడ పరీక్ష, గుండె పరీక్ష, మెదడు స్కానింగ్ చేసి కారణం వెతుకుతారు. రక్తం గడ్డకట్టకుండా మందులు, కొలెస్టరాల్ మందులు, బీపీ అదుపు, అవసరమైన కొందరికి ఆపరేషన్. అలాగని ఏ లక్షణమూ లేని ప్రతి మనిషీ డబ్బు పోసి మెడ స్కానింగ్ చేయించుకోవాల్సిన పని లేదు. ఎవరికి కావాలో డాక్టరే చెబుతారు. బీడీ, చుట్ట మానడం, బీపీ చూపించుకోవడం మాత్రం అందరూ చేయవలసిన పనులు.

డాప్లర్ జీవితం మనకు చెప్పేది

గొప్పవాళ్ళ జీవితాల నుండి కష్టపడితే విజయం తప్పదు అనే నీతి తీయడం మనకు అలవాటు. డాప్లర్ జీవితం అంత సులువుగా ఆ మాట చెప్పదు. ఆయన కష్టపడ్డారు, అయినా 30 ఏళ్ళ వయసులో పద్దులు రాశారు. గొప్ప సూత్రం చెప్పారు, అయినా దానితో చెప్పిన నక్షత్రాల సంగతి తప్పయింది. పెద్ద పదవి వచ్చింది, మూడేళ్ళు కాస్త దాటగానే ప్రాణం పోయింది.

మాకు అర్థమైనది ఇది. సరిగ్గా ఆలోచించిన ఒక్క విషయం, ఆలోచించిన మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అది ఎక్కడ ఎవరికి పనికి వస్తుందో ఆ మనిషికే తెలియకపోవచ్చు. కానీ ఆ ఒక్క విషయం పుట్టాలంటే ముందు ఆ మనిషి చదువులో నిలబడాలి. స్టాంఫర్ గారు గుర్తించకపోతే, ప్రాగ్ నుండి ఆ ఉద్యోగం రాకపోతే, ఈ సూత్రానికి వేరొకరి పేరు ఉండేది. చదువు మధ్యలో ఆపేసి పనులకు వెళ్ళిపోదామనుకుంటున్న తమ్ముడు మన హాస్టల్లో ఏ గదిలోనైనా ఉంటే, అతని పక్కన కూర్చుని మాట్లాడండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు అలాంటి వారిని అడిగి తెలుసుకోండి. ఒక పుస్తకమో, ఫీజో, ఒక మంచి మాటో చాలు.

తమ్ముళ్ళకు ఇంకొక్క పని. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ పెద్దవాళ్ళకు మూడు గుర్తులు చెప్పండి. నవ్వితే మూతి ఒక పక్కకు పోవడం, రెండు చేతులూ ఎత్తమంటే ఒక చెయ్యి కిందికి వాలిపోవడం, మాట ముద్దగా రావడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, పావుగంటలో తగ్గిపోయినా, 108కి ఫోన్ చేయమనండి. ఇంట్లో చదువుకున్నది మీరొక్కరే అయితే, ఆ మాట చెప్పవలసిన వారూ మీరే.